ప్రార్థన మధ్యలో ఒలిచిన అరటిపండు

కృపావరం అయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరు ఎంత పెద్ద ప్రశ్న పట్టుకొచ్చినా, అది పరలోకానికి సంబంధించిందైనా సరే, "ముందు భోజనం చేద్దాం రా" అనేవారు. అడిగినవాడు అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి సగం ప్రశ్నలు వాటంతటవే అరిగిపోయేవి. అరగని వాటికే ఆయన జవాబు చెప్పేవారు, అదీ నోటితో తక్కువ. గోదావరి కాలువ గట్టు మీద ఆయన నడిపిన సేవకుల శిక్షణ పాఠశాలలో చదువుకున్నవాళ్ళు ఇవాళ ఎన్నో ఊళ్ళలో సంఘాలు కాస్తున్నారు. వాళ్ళలో ఎవర్ని కదిపినా ఆయన ప్రసంగాలకంటే ముందు ఆ భోజనశాల సంగతులే చెబుతారు. ఇప్పుడు నేను చెప్పబోయేదీ అక్కడిదే. కాస్త దగ్గరికి జరగండి, వెనక కూర్చున్నవాళ్ళకు కూడా వినబడాలి.

ఆ పాఠశాలలో షడ్రకు అని ఒక కుర్ర ఉపాధ్యాయుడు. అయ్యగారి దగ్గరే చదివి, అక్కడే పాఠం చెప్పడానికి నిలిచిపోయినవాడు. దైవభయం ఉన్నవాడు, నిజాయితీపరుడు; లోకంలో న్యాయం తక్కువైందనీ ఆ లోటు కొంతైనా తానే తీర్చాలనీ నమ్మినవాడు. విద్యార్థుల ఆత్మీయ ఎదుగుదలకు మార్కులు వేసే పని ఆ ఏడు అతని మీద పడింది. లేఖనాల పరీక్షకైతే జవాబు పత్రం ఉంటుంది. ప్రసంగానికైతే వినడానికి చెవులున్నాయి. ఆత్మ ఎదిగిందో లేదో దేన్ని పట్టుకుని కొలవాలి? చాలా ఆలోచించి షడ్రకు కొన్ని గుర్తులు పెట్టుకున్నాడు. తెల్లవారుజామున ఆరాధన గదికి ముందుగా ఎవరొస్తున్నారు, ప్రార్థన ఎంతసేపు చేస్తున్నారు, కన్నీళ్ళు వస్తున్నాయా లేదా, ప్రార్థన జరిగినంతసేపూ కళ్ళు మూసుకుని ఉంటున్నారా. ఈ ఆఖరిది కనిపెట్టడానికి, అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు తాను తెరుచుకుని, పరీక్ష అట్ట చేత పట్టుకుని, వరసల మధ్య అడుగుల చప్పుడు కాకుండా తిరిగేవాడు. నవ్వకండి. అలాంటి కళ్ళు మన సంఘాల్లో ఇంకా ఉన్నాయి.

మార్కులు వేటికి పడుతున్నాయో పిల్లలు ఇట్టే పసిగట్టారు. అంతకుముందు భోజనం దగ్గర ప్రార్థన ఒక ఊపిరిలో అయిపోయేది. ఇప్పుడది జిల్లాలు దాటి, రాష్ట్రాలు దాటి, విదేశాలకు బయలుదేరింది. ఫిలేమోను అనే కుర్రాడైతే ఏ దేశాన్నీ వదిలిపెట్టేవాడు కాదు. ప్రతి దేశం దగ్గరా ఆగి కాసేపు ఏడ్చేవాడు కూడా. అందరికంటే ఎక్కువ మార్కులు అతనివే. వంట చేసే ఎస్తేరమ్మ ఒకరోజు గరిటె పట్టుకునే అయ్యగారి గది ముందుకు వచ్చింది. "అయ్యగారూ, ఈ పిల్లలు ఆమెన్ దగ్గరికొచ్చేసరికి పప్పు మీద తెట్టు కట్టేస్తోందండీ. మళ్ళీ వేడి చేసి పెడితే మళ్ళీ ఇంకొకడు లేస్తున్నాడు. నేను వండాలా, కాపలా కాయాలా?" అంది. అయ్యగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. విసుగొచ్చినప్పుడు ఆయన చేసే పని అది. ఆ నెలలో ఆ అద్దాలు తళతళలాడిపోతుండేవి.

మారనివాడు ఒక్క ఏసురత్నమే. పాఠశాలకు రాకముందు చేపల రేవులో ఐసు లారీ నడిపినవాడు. మాట మొరటు, ప్రార్థన పొట్టి. తన వంతు వస్తే, "తండ్రీ, అన్నం పెట్టావు, వండినమ్మ చేతులు చల్లగా చూడు, ఆమెన్" అని కూర్చునేవాడు. ఫిలేమోను గొంతు పెంచితే, "ఒరే, ఆయనకి చెవుడేం లేదురా" అని పక్కనుంచి గొణిగేవాడు. ఉపవాస ప్రార్థనలో కునికిపాట్లు పడేవాడు, అదీ నిజమే. షడ్రకు లెక్కలో వాడికి సగం మార్కులు కూడా రాలేదు. సగం రానివాణ్ణి సేవకు పంపకూడదని పాఠశాల నియమం. ఇంకో ఏడాది అక్కడే ఉండి చదవాలి. అటు చూస్తే మన్యంలో గుమ్మడిపాడు అనే కొండ ఊరు. అక్కడి కాపరి చనిపోయినప్పటినుంచీ మందిరానికి తాళం పడి ఉంది. ఆదివారం వస్తే జనం ఆ తాళం వేసిన తలుపు ముందే చాపలు పరుచుకుని, పాటలు పాడుకుని లేచిపోతున్నారు. "కొండెక్కగలిగినవాణ్ణి, మాతో కూర్చుని తినగలిగినవాణ్ణి ఎవరినైనా పంపండి" అని అడుగుతూనే ఉన్నారు. వెళ్తానన్నవాడు ఏసురత్నం ఒక్కడే. పేర్లు ఖాయం చెయ్యడానికి సోమవారం మధ్యాహ్నం గడువు.

వాణ్ణి ఆపితే అన్యాయమేమోనని, పంపితే అబద్ధమేమోనని షడ్రకు నలిగిపోయాడు. ముందురోజు ఆదివారం, భోజనం గంట కొట్టే ముందు వెళ్ళి అయ్యగారి ఎదుట నిలబడ్డాడు. "అయ్యగారూ, ఆత్మీయ ఎదుగుదలకి న్యాయంగా మార్కులు వెయ్యడం ఎలాగండీ?" అయ్యగారు అతని మొహంకేసి, అతని చంకలోని అట్టకేసి కాసేపు చూశారు. "ముందు భోజనం చేద్దాం రా" అన్నారు.

ఆ రోజు వరసలో అయ్యగారి పక్కన సంతోషమ్మ గారు కూర్చున్నారు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల లంకలన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. పిల్లల్ని సేవకు పంపే ఆరాధన చూసి పోదామని వచ్చి పాఠశాలలో ఉంటున్నారు. అందరికీ ఆవిడ మామ్మగారే. ఎవరో విశ్వాసి అరటిగెలలు తెచ్చి ఇవ్వడంతో ప్రతి కంచం పక్కనా ఒక పండుంది. ప్రార్థనకు ఫిలేమోను లేచాడు. షడ్రకువి తప్ప కళ్ళన్నీ మూతపడ్డాయి. ఫిలేమోను పంటల్ని దీవించాడు, పాలకుల్ని దీవించాడు, సముద్రం దాటాడు. అప్పుడు చూశాడు షడ్రకు. మామ్మగారికి ఎదురు వరసలో ఏసురత్నం కళ్ళు తెరిచే ఉన్నాయి. తెరిచి ఊరుకున్నాడా, చెయ్యి చాపి అరటిపండు తీశాడు. తీసి ఊరుకున్నాడా, ఒలిచాడు. షడ్రకు అట్ట మీదికి తల వంచి ఆ సంగతి అక్కడికక్కడే రాసుకున్నాడు. తల ఎత్తేసరికి ఫిలేమోను ఆమెన్ అంటున్నాడు. ఏసురత్నం చేతిలో తొక్క మాత్రం మిగిలింది.

భోజనాలయ్యాక అతను అయ్యగారి వెనకే వరండాలోకి నడిచాడు. "జవాబు దొరికిందండీ. వాణ్ణి ఆపెయ్యాల్సిందే. కళ్ళు తెరిస్తే తెరిచాడు, ప్రార్థన మధ్యలో అరటిపండు తిన్నాడండీ."

"తినడం చూశావా?"

"ఒలవడం చూశానండి."

"తరవాత?"

"తరవాత రాసుకోవడానికి తల వంచానండి."

కళ్ళజోడు మళ్ళీ కిందికి దిగింది. "సంతోషమ్మ గారూ, ఒక్కసారి ఇలా వచ్చి ఆ అరటిపండు సంగతేమిటో చెబుతారా" అని పిలిచారు అయ్యగారు. ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చారు. అడిగిందే చాలన్నట్టు మొదలుపెట్టారు. "ఏం చెప్పమంటారండీ. అన్నానికి ముందు షుగరు ఇంజెక్షను చేసుకుంటాను కదా. చేసుకుని వచ్చి కూర్చుంటే ఆ అబ్బాయి ప్రార్థన ఆఫ్రికా దాకా వెళ్ళింది. నాకు ఒళ్ళంతా చెమటలు, చేతులు ఒకటే వణుకు. అందరూ కళ్ళు మూసుకుని ఉంటే నేనెలా తింటానని బిగబట్టుకుని కూర్చున్నాను. ఇంకాసేపైతే నన్ను మీరు సమాధుల దొడ్డికి మోసుకెళ్ళేవారు. ఆ లారీ అబ్బాయి చూసి, ముందుకు వంగి పండు నోట్లో కుక్కేశాడు. మింగు మామ్మా, ఆయనేం అనుకోడులే అన్నాడు." ఇంత చెప్పి, నవ్వుకుంటూ, వచ్చిన గోడ పట్టుకునే వెళ్ళిపోయారు.

షడ్రకు అట్ట మీద తాను రాసుకున్న ముక్కకేసి చూశాడు. అయ్యగారే అన్నారు. "వాడి కళ్ళు తెరుచుకున్నాయని చూశావు. అవి ఎటు చూస్తున్నాయో, తలకాయ కాస్త తిప్పి అది కూడా చూడాల్సింది నాయనా." గొంతు తగ్గించారు. "ఆవిడ నా పక్కనే కూర్చున్నారు. మోచెయ్యి కదిపితే తగిలేంత దగ్గర. నా కళ్ళు మాత్రం చక్కగా మూసుకునే ఉన్నాయి. నాకెన్ని వేశావు?"

"మీకు నేను వెయ్యను కదండీ."

"వేస్తే?"

షడ్రకు అబద్ధమాడలేడు. "పూర్తిగా వేసుండేవాణ్ణండి."

ఇక్కడితో సంగతి ఆగిపోతే నేనూ చెప్పడం ఆపేద్దును, మీరూ ఇళ్ళకు పోదురు. కానీ షడ్రకు నిజాయితీపరుడని చెప్పాను కదా. పొరపాటు తెలిశాక దిద్దుకోకుండా ఉండలేడు. అట్ట మీది కాగితంలో కళ్ళు మూసుకొనుట అన్నది కొట్టేసి, దాని పక్కన పొరుగువారిని గమనించుట అని రాశాడు. దీనికి మార్కులు ఇంకా ఎక్కువ పెట్టాడు. చెప్పకుండా కొలిస్తే అన్యాయమవుతుంది కనక, ఆ సాయంత్రం ఆరాధన కాగానే లేచి నిలబడి విద్యార్థులందరికీ వినిపించాడు కూడా. ఈ కబురు అయ్యగారి చెవిన పడ్డప్పుడు ఆయన కళ్ళజోడు తుడవలేదట. తీసి జేబులో పెట్టేసుకున్నారట.

మర్నాడు మధ్యాహ్నం అందరూ కూర్చున్నాక, "ఇవాళ ప్రార్థన నువ్వు చెయ్యి షడ్రకూ" అన్నారు అయ్యగారు. షడ్రకు అట్ట ఆయన పక్కన పెట్టి లేచాడు. పాపం, ఆ ఏడు భోజనం దగ్గర కళ్ళు మూసుకోవడం అతనికి అదే మొదలు. "పరలోకమందున్న మా తండ్రీ" అన్నాడో లేదో, ఎక్కడో తొక్క చీలిన చప్పుడైంది. ఇంకో మాట అన్నాడు, ఇంకో తొక్క చీలింది. కంచాలు జరిగిన చప్పుడు, గుసగుసలు, "నాది తీసుకోండి మామ్మగారూ" అని ఒకడు, "నాది ముందు" అని ఇంకొకడు. షడ్రకుకు మాట తడబడింది. ఎలాగో ఆమెన్ అనేసి కళ్ళు తెరిచాడు. వరసలన్నీ కళ్ళు విప్పార్చుకుని మామ్మగారినే చూస్తున్నాయి. ఆవిడ కంచంలో అన్నం కనబడ్డం లేదు, అన్నీ ఒలిచిన అరటిపళ్ళే. ఆవిడ వాటివైపు, పిల్లలవైపు మార్చి మార్చి చూసి, "ఏమర్రా, నన్ను చూస్తే మీకు కోతిలా కనబడుతున్నానా?" అన్నారు.

నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఎదురు వరసలో ఏసురత్నం ఒక్కడి కళ్ళే మూసుకుని ఉన్నాయి. అందరికంటే ఆలస్యంగా ఆమెన్ అని కళ్ళు తెరిచాడు. వాడి పండు తొక్కతోనే ఉంది. షడ్రకు ఇంచుమించు బతిమాలుతున్నట్టుగా అడిగాడు. "ఏమయ్యా, నిన్న కళ్ళు తెరిచినవాడివి ఇవాళెందుకు మూసుకున్నావు? ఇవాళ చూడమనే కదా చెప్పాను?"

"ఆయ్, చెప్పారండి. కానీ మామ్మగారు ఇందాక వంటింట్లోనే కాస్త తినేసి వచ్చారండి. గుమ్మంలో నేనే అడిగాను. ఇంక చూసేదేముందని ప్రార్థన చేసుకున్నానండి."

ఒలిచిన పండు చేతిలో పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక ఫిలేమోను ఇంకా వంగి నిలబడే ఉన్నాడు. అయ్యగారి చూపు అతని మీద ఆగింది. అప్పటిదాకా ఆ మొహంలో ఉన్న విసుగు కాస్త సడలింది. "ఈ అబ్బాయి వచ్చిన కొత్తలో, వాళ్ళ నాన్న పోయిన ఏడు, గోడవైపు తిరిగి ఏడ్చేవాడు షడ్రకూ. పక్కవాడికి కూడా వినబడేది కాదు. మనం దానికి మార్కులు పెట్టాం." ఫిలేమోను పండు కంచంలో పెట్టేసి కూర్చున్నాడు.

"అయితే ఎలా వెయ్యమంటారండీ?" షడ్రకు అడిగాడు. "ఇవాళ పేర్లు ఖాయం చెయ్యాలి. నా పాత లెక్కలోనూ ఏసురత్నం తప్పాడు, కొత్త లెక్కలోనూ తప్పాడు. వాడు తప్పలేదని నాకు తెలుసు. ఎలా రాయాలో తెలియడం లేదండీ."

అప్పుడే ఎస్తేరమ్మ పొయ్యి మీదనుంచి దించిన పప్పు గిన్నె గుడ్డతో పట్టుకుని వచ్చి, ఎక్కడ దించాలా అని చూస్తోంది. అయ్యగారు పక్కనున్న పరీక్ష అట్ట తీసి, బోర్లించి, ఆమె ముందు నేలమీద పెట్టారు. గిన్నె దాని మీద కూర్చుంది.

"గుమ్మడిపాడు వాళ్ళకి కబురు చెయ్యి, ఏసురత్నం వస్తున్నాడని."

"మరి మార్కులండీ?"

"వాళ్ళు వేస్తార్లే, నిదానంగా. కూర్చో, ఇవాళైనా అన్నం వేడిగా ఉంది."