ఎర్రయ్యమ్మ సున్నం

అదిగో, ఆ ఉప్పుటేరు ఇంకా ఇటు మళ్ళని కాలం. మన తాతల తాతలు కూడా పుట్టని కాలం. సముద్రం ఒడ్డున ఓ రేవుపట్నం ఉండేది. ఓడలెక్కి వచ్చిన దొరలు దాన్ని ఏలేవారు. పట్నం చుట్టూ గోడ, గోడకి పడమట పెద్ద గండి. గండి పక్కనే ఎర్రయ్యమ్మ గుడిసె. సముద్రపు గుల్లలు కాల్చి సున్నం చేసుకు బతికేది, పాపం. ఆవిడకున్నదల్లా ఒక్క కూతురు, పేరు సింహాలు. నిండు చూలాలు.

ఉన్నట్టుండి యుద్ధం వచ్చిపడింది. శత్రువుల గుర్రపుదండు ఊళ్ళు తగలబెట్టుకుంటూ వస్తోందన్నారు. గండి పూడ్చడానికి ఎర్రయ్యమ్మ చేత కొండంత సున్నం కాల్పించి, గండి దగ్గరే కుప్ప పోయించారు. పక్కన కాగుల నిండా నీళ్ళు పెట్టించారు. అయితే ఖర్చు ఎవరిదో పట్నం పెద్దల సభ తేల్చేదాకా పని మొదలెట్టకూడదు, సున్నంలో చుక్క నీళ్ళు పడకూడదు. పడితే కొరడా దెబ్బలే.

మొదటిసారి సభ కూర్చుంది.

"వర్తకులు పన్ను కట్టాలి" అన్నాడు పెద్దదొర.

"మీ బంగళాలూ గోడ లోపలే ఉన్నాయి కదా, మీరూ కట్టండి" అన్నారు వర్తకులు.

"నా ఆస్తి మీద పన్నా!" అని దొర గయ్యిమన్నాడు.

సభ ముగిసింది. గండి గండిలాగే ఉంది. దూరాన సన్నగా పొగ లేచింది.

రెండోసారి కూర్చున్నారు. అవే మాటలు, ఇంకాస్త గట్టిగా. ఎర్రయ్యమ్మ ఉండబట్టలేకపోయింది. సభ గుమ్మం దగ్గరికెళ్ళి, "బాబూ, నా కూతురు కదల్లేదు, ఆ గండి..." అంది.

"ఉండవే, పెద్దలు మాట్లాడుకుంటన్నారు" అని బంట్రోతు కసిరాడు.

సభ ముగిసింది. గండి గండిలాగే ఉంది. పొగ దగ్గరికొచ్చింది.

మూడోసారి కూర్చున్నారు. కాలిన ఊళ్ళ కమురు సభలోకే కొట్టింది. కిటికీలు మూయించి మరీ వాదించుకున్నారు. ఎక్కడి విడ్డూరమమ్మా!

ఆ మధ్యాహ్నమే సింహాలుకి నొప్పులు మొదలయ్యాయి. అంతలో నేల అదిరింది. గుర్రాలు! జనం రేవుకేసి పరుగో పరుగు.

"అమ్మా, నువ్వెలిపో!" అంది సింహాలు.

"నిన్నొగ్గేసి నానెక్కడికెల్తానే!"

ఎర్రయ్యమ్మ బయటికొచ్చింది. గండి నిండా దుమ్ము, దుమ్ములో కత్తులు. కాగు మీద చెయ్యి వేసింది. కొరడా గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. అప్పుడు లోపల కూతురు కెవ్వుమంది.

కాగులన్నీ సున్నం మీదికి దొర్లించేసింది. కుప్ప కుతకుతా ఉడికి, బుస్సుమని పొంగింది. తెల్లటి వేడి పొగ గండిని కమ్మేసింది. గుర్రాలు కళ్ళు మండి, సకిలిస్తూ రౌతుల్ని పడేసి వెనక్కి పారిపోయాయి. పొగ విడిచేసరికి గుడిసెలో పసిబిడ్డ ఏడుపు వినపడింది. ఆ ఏడుపు వినడానికి ఎర్రయ్యమ్మ లేదు. ఆ సున్నంలోనే ఒరిగిపోయింది.

మర్నాడు సభ కూర్చుంది. ఎందుకనుకున్నారు? ఎర్రయ్యమ్మ చితికి కట్టెలు ఎవరివ్వాలని! దొర వర్తకులివ్వాలన్నాడు. వర్తకులు దొరే ఇవ్వాలన్నారు.

సింహాలు బిడ్డని పొత్తిళ్ళలో పట్టుకుని వచ్చింది. ఈసారి బంట్రోతు అడ్డు చెప్పలేదు. సున్నపుగడ్డ ఒకటి వాళ్ళ మధ్యన పెట్టి, చెంబుతో నీళ్ళు పోసింది. అది ఉడకడం మొదలుపెట్టింది.

"ఇది సల్లారేలోగా తేల్చండి" అంది.

దొరా, వర్తకులూ కలిసి కట్టెలు మోశారు. గండీ పూడ్చారు.

ఇప్పటికీ ఆ పట్నంలో పంచాయితీ కూర్చుంటే ముందు సున్నపుగడ్డ మీద నీళ్ళు పోస్తారు. మాటలు సాగాయంటే వెనకనుంచి ఏ ముసలమ్మో అంటుంది: "ఎర్రయ్యమ్మ సున్నం సల్లారిపోతంది బాబూ!"