దొడ్డి జట్టు తెచ్చుకున్న కూతగాడు

ఇచ్చారు నాన్నా, గాడిదనే ఇచ్చారు. నిజంగానే. ఇప్పటికీ ఆ దొడ్లో ఆ మాటెత్తితే ఎద్దు మేత నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోద్ది. బాతేమో "నేనప్పుడే వొద్దన్నా" అంటది. అన్లా. అందరికంటే ముందు రెక్కలు కొట్టింది అదే.

ఆ దొడ్డికి ఒక చెడుగుడు జట్టుండేది. వాగవతల అడివి వాళ్ళకి ఇంకోటి. దొడ్డి జట్టుకి నాయకుడు పొట్టేలు. కూతకి పొయ్యేది మాత్రం గాడిద. పోయిందంటే ఉత్తగా తిరిగొచ్చేది కాదు. గీత దాటి, గిరుక్కున తిరిగి, వెనక కాలు ఇట్టా ఝాడించేది. తోడేలు కూడా దాని వెనక నిలబడాలంటే జంకేది.

వొచ్చిన తంటా అంతా కూతతోనే. అందరూ "చెడుగుడు చెడుగుడు" అంటా పోతారా, అది ఓండ్ర పెట్టేది. అడివి వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. గెలిచి ఇంటికొస్తా కూడా బాతు తల దించుకుని నడిచేది.

దొడ్డి దడికి ఒకచోట కంప ఊడిపోయి సందు పడింది. ఆట లేనప్పుడు గాడిద ఆ సందుకి అడ్డంగా, తోక బయటికి పెట్టి, నిలబడే నిద్రపోయేది. గొర్రె దాని పక్కనే తన పిల్లని పడుకోబెట్టుకునేది. ఒక్కగానొక్క పిల్ల. పొట్టేలే దాని తండ్రి. ఆ కాలు అక్కడున్నంత కాలం నక్క జాతి ఆ సందు దరిదాపులకి రాలా.

ఒకరోజు ఆట అయ్యాక నక్కే నడుచుకుంటా వొచ్చింది. దడికి అంత దూరంలో ఆగి, "బాగా ఆడారు బావా. చెవులే ఇంకా గుయ్యిమంటన్నాయి" అంది.

పొట్టేలుకి మండింది. "గెలిచాంగా?"

"గెలవలేదన్నానా? కూతంటే ఇనబుద్ధెయ్యాల గదా. మా కాడ ఒక కూతగాడున్నాడు. మా వాళ్ళకి వాడి ఇలవ తెలవదు. నీకయితే ఇస్తా. బదులుగా ఈ గాడిదని నాకియ్యి."

బాతు మెడ సాచింది. "ఎట్టా కూస్తాడు?"

"మొదలెడితే ఆపడమ్మా. ఊపిరి చాల్లేదన్న మాటే లేదు. అక్కడ కూస్తే వాగు దాటి ఇనపడద్ది."

"పట్టుబడతాడా?" అంది ఎద్దు.

"నేనెరిగి వాణ్ణి ఒక్కడు పట్టుకోలా. వాళ్ళింటి ఆడాళ్ళయితే ఇంకా ఘనులు. పరాయోళ్ళ ఇంట్లో దూరి, పని చక్కబెట్టుకుని వొచ్చేస్తారు. ఆ ఇంటోళ్ళకి తెలవను కూడా తెలవదు."

"చూట్టానికెట్టా ఉంటాడు?" అంది పొట్టేలు.

"నల్లగా నిగనిగలాడతా ఉంటాడు. కళ్ళు ఎర్రగా నిప్పుల్లాగా."

బాతే గుసగుసగా అంది, "ఎలుగుబంటి! మనకి ఎలుగుబంటొస్తంది!"

నక్క అవునన్లా, కాదన్లా. కాలి గోళ్ళు చూసుకుంటా నిలబడింది.

గొర్రె ముందుకొచ్చి, "ఏం తింటాడన్నా?" అనడిగింది.

"పండ్లు తల్లీ. మీ జాతిని ముట్టే రకం కాదు."

"ఎలుగుబంటి తినేది పండ్లేగా!" అని బాతు ఎగిరి గంతేసింది.

గొర్రె మొగుడి పక్కకి జరిగింది. "ఏమయ్యా, గాడిదన్న పోతే సందు కాడ ఎవరు నిలబడతారు? పిల్ల మాటేంది?"

"ఎలుగుబంటున్న దొడ్లోకి ఎవడొస్తాడే, పిచ్చిదానా?"

ఎద్దు నిదానంగా అంది, "వాడి పేరొకసారి అడగరాదా?"

"అడిగితే నమ్మట్లేదనుకుంటాడు. పెద్దమనిషి దడి కాడికొచ్చి అడుగుతుంటే పేరూ ఊరూ అడుగుతామా? ఏం మర్యాద అది?" అని పొట్టేలు గుర్రుమంది. అట్టా మర్యాదకి పొయ్యి ఇచ్చేసింది నాన్నా. "ఇచ్చాక వెనక్కి అడగడాల్లేవు బావా" అంది నక్క. సరేనంది పొట్టేలు.

గాడిద సందులోంచి బయటికి నడిచి, ఒకసారి వెనక్కి తిరిగింది. "నా కూత మరీ అంత బాగోదా?" అంది. పొట్టేలు మొహం పక్కకి తిప్పుకుంది. "పిల్ల జాగర్త వొదినా" అని గొర్రెకి చెప్పి, నక్క వెనకాలే వాగు దాటి పోయింది.

మర్నాడు మళ్ళీ ఆట. ఎలుగుబంటి కోసమని నేరేడు పండ్లు రాశి పోశారు. అంత లావుది పట్టాలని దడి సందు చుట్టూ ఉన్న కంపంతా తీసేశారు. బాతయితే అడివి వాళ్ళ ముందుకి పోయి, "ఇయ్యాల చూస్తారు మీ పని" అని రెచ్చగొట్టి మరీ వొచ్చింది. ఆట బరి పక్కన తుమ్మచెట్టు మీద ఏదో పిట్ట వాలి, "కూ" అంది.

"ఎవరే అది, పెద్దాయన వొచ్చే వేళ?" అని కసిరింది బాతు.

"నేనే. నక్క మామ పంపించాడు. ఇక్కడ కూతకి మనిషి కావాలన్నారంటగా?"

కోయిల నాన్నా. కోయిల!

పొట్టేలు చెట్టు మొదట్లోకి పోయి, "నువ్వు... నువ్వు చెడుగుడు ఆడతావా?" అంది.

"అదేంది? నేను కూస్తా. ఎంతసేపు కూయమంటారో చెప్పండి."

ఎద్దు తలెత్తి, కొమ్మ కేసి చూసింది. "నలుపే. కళ్ళూ ఎరుపే. వీడి కూత వాగవతల నించి రోజూ ఇంటానే ఉన్నాం. కాకి గూట్లో గుడ్డు పెట్టేదీ వీళ్ళ ఆడాళ్ళే. నక్క ఒక్క అబద్ధం కూడా చెప్పలేదర్రా."

బాతు ఉన్నచోటే చతికిలబడింది.

ఆటేం ఆడతారు. కోయిల కొమ్మ మీద కూస్తానే ఉంది, కింద దొడ్డి వాళ్ళు ఒకడి తర్వాత ఒకడు అవుటయిపోయారు. పాపం దాని తప్పేముంది, చెప్పిన పని చేసింది. పొట్టేలుకి ఇంకో సంగతి తోచింది. అడివి జట్టులో గాడిద లేదు.

"మావాడేడీ? ఆడించలేదే?" అనడిగింది నక్కని.

"కొండ వెనకాల కట్టేశాం. మాకు ఆటకి కాదు బావా."

"మరెందుకు?"

నక్క తల తిప్పి, దొడ్డి దడి కేసి చూసింది.

గొర్రె పరిగెత్తి నక్క ముందు పడింది. "అన్నా, ఈ ఒక్క రాత్రికి గాడిదన్నని పంపించు. రేపు మేమే తెచ్చి అప్పజెప్తాం."

"ఇచ్చిపుచ్చుకోడం అయిపోయింది తల్లీ. అయినా మీకేం తక్కువ? కూతగాడున్నాడుగా" అని తోక ఊపుకుంటా పోయింది.

ఇంటికొచ్చారు. రాత్రయితే ఎద్దు గుంజకి కట్టేసి ఉంటది, సందు దాకా రాలేదు. సందులో కంప కుక్కుదామంటే, ఉన్న కంపంతా పొద్దున ఎలుగుబంటి కోసం తీసి దూరంగా పారేశారాయె. గొర్రె పిల్లని పొట్ట కిందకి లాక్కుంటుంటే పొట్టేలు లేచింది.

"పిల్లని ఎద్దు కాళ్ళ మధ్య పడుకోబెట్టు. సందు కాడ నేనుంటా."

"నీకు కాలు ఝాడించడం రాదు గదయ్యా."

"రాదు" అంది పొట్టేలు. పోయి అడ్డంగా నిలబడింది.

అందుకే చెప్తన్నా నాన్నా, వొచ్చేవాడి మొహం చూడకుండా ఉన్నోణ్ణి గడప దాటించొద్దు.

తెల్లారేసరికి పిల్ల ఉంది. పొట్టేలు లేదు.