ఒంటిరెక్క, జంటరెక్క, ఉప్పుటేటి కాపలా

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రంలో కలిసే ఒక ఉప్పుటేరు. ఆ కలిసే చోట, ఏటి మొగలో, ఇసుక కప్పుకుని, రెండు తిమ్మిరి చేపలు కాపలా కాసేవి. రెండూ అక్కచెల్లెళ్ళ బిడ్డలు. పళ్ళెంలాంటి ఒళ్ళు, తాకినవాడికి జల్లుమని తిమ్మిరెక్కించే దెబ్బ రెండింటికీ ఉన్నాయి. పెద్దదాని వీపున ఒకే రెక్క, దెబ్బ మాత్రం పిడుగు. దాని పేరు ఒంటిరెక్క. చిన్నదానికి రెండు రెక్కలు, దెబ్బ కాస్త మెత్తన. దాని పేరు జంటరెక్క.

ఒకసారి గట్టిగా కొట్టాక ఒంట్లో సత్తువ మళ్ళీ ఊరాలంటే చాలాసేపు పడుతుంది. అందుకే సముద్రం పోటెత్తినప్పుడు ఒకటి, పాటుకు వెనక్కి తీసినప్పుడు ఒకటి వంతు వేసుకున్నాయి. లోపల రొయ్యపిల్లలు, చేపపిల్లలు నిశ్చింతగా పెరిగేవి.

ఒకనాడు ఊళ్ళు తిరిగే పాముచేప ఒకటి, ఆ ఏటిని ఏలే పండుగప్ప చేప రాజు కొలువుకు వచ్చింది.

"ప్రభూ, ఒక్క గుమ్మానికి ఇద్దరు కాపలావాళ్ళా? ఎవరు గొప్పో తేల్చండి. గొప్పది ఉంటుంది, తక్కువది ఏరు విడిచిపోతుంది."

రాజుకు వేడుక పుట్టింది. ఎవరి దెబ్బ గట్టిదో చూద్దామని పోటీ పెట్టాడు. మొదటి వంతు ఒంటిరెక్కది.

ముందు ఎండ్రకాయ వచ్చింది. ఒంటిరెక్క తాకగానే డెక్కలు వాల్చేసింది. తర్వాత తాబేలు వచ్చింది. తల లోపలికి లాక్కుని మరి బయటపెట్టలేదు. మూడోసారి రాజే లేని మీసం దువ్వుకుంటూ, "ఏదీ, నన్ను తాకు చూద్దాం!" అన్నాడు. ఒక్క దెబ్బకు వెల్లకిలా తేలాడు. సభంతా ఒకటే కేరింతలు.

జంటరెక్క వంతు వచ్చింది.

"నేను కొట్టను ప్రభూ."

"రెక్కలు రెండున్నా రోషం ఒక్కటీ లేదే!" అంది ఎండ్రకాయ.

"రోషం ఉంది కనుకే దాచుకున్నాను మావా. ఇద్దరం ఇక్కడే ఖాళీ అయిపోతే గుమ్మం ఎవరు కాస్తారు? అసలీ పోటీ కావాలన్నదెవరు? మనలో ఒక్కరైనా అడిగారా?"

"నాకు దెబ్బ కావాలి, వాదన కాదు," అన్నాడు రాజు. "నువ్వు ఓడావు. వెళ్ళిపో."

జంటరెక్క మొగ వైపు కదిలింది. మనసు మాత్రం వెనక పిల్లల దగ్గరే ఉంది. అంతలో నీళ్ళు నల్లబడ్డాయి. ఎదురుగా పెద్ద సొరచేప. దాని ముందు దారి చూపిస్తూ ఆ పాముచేపే!

"రండి దొరా, పిడుగు వట్టిపోయింది. మిగిలినదాన్ని తరిమేశారు."

వెనక నుంచి ఒంటిరెక్క పరుగున వచ్చి సొర మీద పడింది. చీమ కుట్టినట్టయినా లేదు. సొర నవ్వి, దాన్ని మింగబోయి నోరు తెరిచింది. జంటరెక్క అడ్డంగా దూరి, దాచుకున్న దెబ్బంతా సొర ముక్కు మీద పెట్టింది. సొరకు సున్నితమంతా ముక్కులోనే. అది గింగిరాలు తిరిగి, తోకతో పాముచేపను ఒక్క చరుపు చరిచి, నడిసముద్రంలోకి పారిపోయింది.

"చెల్లీ, నీ దెబ్బే గొప్పదే," అంది ఒంటిరెక్క తలొంచుకుని.

"కాదక్కా. నీది మిగిలుంటే అది మళ్ళీ ఇటు తొంగిచూసేది కాదు. నాది ఈ పూటకే సరిపోయింది."

"అయితే ఇంతకీ ఎవరు గొప్ప?" అన్నాడు అప్పుడే అక్కడికి చేరిన రాజు.

"మళ్ళీ అదే ప్రశ్నా ప్రభూ! ఇప్పుడు ఇద్దరమూ ఖాళీయే. మాకు సత్తువ ఊరేదాకా మొగలో తమరే నిలబడాలి," అంది జంటరెక్క.

రాజు ఎండ్రకాయను వెంటబెట్టుకుని, కాపలాకు బయలుదేరాడు.

కాబట్టి పిల్లలూ, మనలో ఎవరు గొప్పో తూస్తానని ఎవరైనా తక్కెడ పట్టుకొస్తే, ముందు ఆ తూకం ఎవరికి లాభమో చూసుకోవాలి.