నూకాలు దారికి అడ్డం నిలబడిన రోజు

ఒకప్పుడు చీమలకు పలకరింపులు లేవు. ఎదురుపడితే ఆగేవి కావు, ముఖాలు చూసుకునేవి కావు. తల వంచుకుని, ఎవరి బరువు వాళ్లు మోసుకుంటూ, వెనక ఎవరో తరుముతున్నట్టు పోయేవి. అన్నీ ఒక్క తల్లి పిల్లలే. ఒక్క పుట్టలోనే తిండీ నిద్రా. అయినా పక్కదాని పేరు పక్కదానికి తెలియదంటే నమ్మండి.

వరిపొలం గట్టు మీద అలాంటి పుట్ట ఒకటి ఉండేది. అందులో గింజలు మోసే చీమలున్నాయి, పసికూనల్ని సాకేవి ఉన్నాయి, కాపలా కాసేవి ఉన్నాయి. నూకాలు అనే చీమ కూడా ఒకటి ఉంది. పుట్టలో ఎవరైనా చచ్చిపోతే నోట కరుచుకుని మోసుకెళ్లి, గట్టు చివర ఎలకబొరియ దాటాక, ముళ్లపొద కింద పడుకోబెట్టి రావడం దాని పని.

ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనే అది. శవం లోపలే ఉండిపోతే రెండో రోజుకి పుట్టంతా కంపు, మూడో రోజుకి రోగం. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా నూకాలు కనబడగానే "పీనుగుల చీమ వస్తోంది, దూరం, దూరం" అనేవి. వరుస ఎదురొస్తే అది దారి దిగి, గడ్డిపరక చాటున తల వంచుకుని నిలబడాలి. చివరి చీమ పోయేదాకా కదలకూడదు. దాని మీసం ఎవరికీ తగలకూడదు. మీసాలంటే తెలుసుగా, చీమ తల మీద రెండు సన్నటి పోగులు ఊగుతుంటాయే, అవి.

నూకాలుకి ఇదంతా అలవాటైపోయింది. అలవాటవడమే కాదు, నిజమేననుకునేది పిచ్చిది. 'నేను పక్కన నిలబడాల్సినదాన్నే' అనుకునేది. నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. ఏం చేస్తాం, ఉన్నది ఉన్నట్టు చెప్పాలిగా.

ఒక రోజు పొద్దున్నే చచ్చిపోయిన ఒక ముసలి చీమను మోసుకుంటూ ముళ్లపొద దగ్గరికి వెళ్లింది. వెళ్లి చూసి ఉన్నచోటే ఆగిపోయింది.

చచ్చిన చీమలు కదులుతున్నాయి.

నిన్న తనే వరుసగా పడుకోబెట్టిన చీమలు. ఒకటి పక్కకు ఒత్తిగిలింది. ఇంకొకటి మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. నూకాలు అదిరిపడింది. నోట్లో ఉన్న ముసలిదాన్ని కూడా జారవిడిచింది. కాసేపటికి అదీ కదలడం మొదలుపెట్టింది.

పారిపోదామని వెనక్కి తిరగబోతే మీసాలకు చల్లగా ఏదో తగిలింది. నీళ్లు. ఎలకబొరియలోంచి కాలవ నీళ్లు బుడబుడమని పైకొస్తున్నాయి. చచ్చినవి నడవడం లేదు, నీళ్లే వాటిని ఎత్తుకుపోతున్నాయి.

హమ్మయ్య అనుకుందనుకుంటున్నారా? అసలు భయం అప్పుడే పట్టుకుంది. ఆ బొరియ పుట్ట అడుగు దాకా పోతుంది. అడుగు గదిలో గుడ్లున్నాయి, కళ్లు తెరవని పసికూనలున్నాయి, తల్లిచీమ ఉంది. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు అందరూ మునిగిపోతారు.

నూకాలు పరుగు లంకించుకుంది. సగం దారిలో వరుస ఎదురొచ్చింది. అంత తొందరలోనూ దాని కాళ్లు వాటంతట అవే దారి దిగి గడ్డిపరక చాటుకు పోయాయి. అక్కణ్ణుంచే చెప్పింది.

"అక్కా, నీళ్లొస్తున్నాయి. మన పుట్టలోకి నీళ్లొస్తున్నాయి."

ఒక్క చీమ కూడా తల తిప్పలేదు. మళ్లీ గట్టిగా చెప్పింది.

"పీనుగులు మోసే నోట్లోంచి మంచి మాట వస్తుందా" అంటూ ఒకటి పోయింది. "పొద్దున్నే దీని గొంతు వినాల్సి వచ్చింది" అంటూ ఇంకొకటి పోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

'ఇంతేలే, నా మాట ఎవరు వింటారు' అనుకుంది నూకాలు. అనుకుని, తనే ఉలిక్కిపడింది. నీళ్లను చూసింది ఎవరు? నేను. ఇంతమందిలో నేనొక్కదాన్నే. నా మాటకి నేనే విలువ ఇవ్వకుండా ఇక్కడ నక్కి నిలబడితే, అడుగు గదిలో ఉన్న పసివాళ్ల గతేం కాను?

దారెక్కింది. దారికి నట్టనడుమ ఆరు కాళ్లూ గట్టిగా ఊని, తల ఎత్తి నిలబడింది.

వరుస ఆగిపోయింది.

పిల్లలూ, చీమల వరుస ఆగడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. వాన పడినా ఆగలేదు, ఎద్దు కాలు పడినా ఆగలేదు. ముందు చీమ ఆగేసరికి వెనకది దాన్ని గుద్దుకుంది, దాని వెనకది దాన్ని గుద్దుకుంది, అలా పుట్ట వాకిలి దాకా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గింజలన్నీ దొర్లిపోయాయి. చీమలకు వేళ్లుంటే ఆ రోజు అన్నీ ముక్కున వేలేసుకునేవి.

వరుసకు పెద్ద అప్పలకొండ అనే కాపలా చీమ. బుర్ర ఆవగింజంత పెద్దది, దవడలు చూస్తేనే హడల్. అది పరుగున వచ్చింది.

"ఏమే, మతి పోయిందా? దారి దిగు."

"దిగనక్కా."

అప్పలకొండకు నిలువుగుడ్లు పడ్డాయి. దిగనన్నందుకు కాదు, అక్కా అన్నందుకు.

"నేను నీకు అక్కనా?"

"అమ్మ ఒక్కతేగా మనకి. నీకన్నా నాలుగు రోజులు వెనక పుట్టాను. నా పేరు నూకాలు. ఎలకబొరియలోంచి నీళ్లొస్తున్నాయక్కా, అమ్మ అడుగు గదిలో ఉంది. నా మాట మీద నమ్మకం లేకపోతే నా మీసం ముట్టుకుని చూడు. ఇంకా తడి ఆరలేదు."

ముట్టుకోమనేసరికి వరుసంతా బిక్కచచ్చిపోయింది. పీనుగుల చీమను ముట్టుకోవడమేమిటి! అప్పలకొండ ఒక అడుగు వెనక్కి వేసింది. నూకాలు కదల్లేదు. తిట్టలేదు, కాళ్లు పట్టుకోలేదు, తల దించలేదు.

అప్పలకొండ దాని ముఖంలోకి చూసింది. ఇన్నాళ్లలో చూడటం అదే మొదలు. చూస్తే, ఆ ముఖం అచ్చం తన ముఖంలాగే ఉంది.

మెల్లగా మీసం చాచి, దాని మీసానికి ఆనించింది.

తడి. బురద వాసన. కాలవ నీళ్ల చల్లదనం.

"కొంప మునిగిందే" అంది అప్పలకొండ. మాటవరసకి కాదు, నిజంగానే.

గిరుక్కున తిరిగి, ఆ తడి మీసాన్ని వెనక చీమకు ఆనించింది. అది దాని వెనకదానికి. అది ఇంకొకదానికి. ఇంకెవరూ దూరం దూరం అనలేదు. కబురు క్షణాల్లో అడుగు గదికి చేరింది. గింజలు ఎక్కడివక్కడ వదిలేసి గుడ్లు ఎత్తుకున్నాయి, పసికూనల్ని ఎత్తుకున్నాయి, తల్లిచీమను నాలుగు కలిసి నడిపించుకొచ్చాయి. అందరూ గట్టు మీది ఆముదం మొక్క ఎక్కేసరికి, కింద పుట్ట నోట్లోంచి నీళ్లు పొంగాయి. ఒక్క గుడ్డు కూడా పోలేదు.

సాయంత్రం తల్లిచీమ నూకాలుని దగ్గరికి పిలిచింది.

"నిన్ను కన్నది నేనే, ఇన్నాళ్లూ నిన్ను కళ్లారా చూడలేదమ్మా. రేపటినుంచి ఆ పీనుగుల పని మానెయ్. కొత్త పుట్టలో గింజల కొట్టు నువ్వే చూసుకో."

"ఆ పని మాననమ్మా" అంది నూకాలు.

చీమలు మళ్లీ నివ్వెరపోయాయి.

"పోయినవాళ్లను జాగ్రత్తగా పడుకోబెట్టడం నాకు చేతనవును. అందులో తప్పేముంది? నేను ఎదురైతే ముఖం తిప్పుకోవద్దని వీళ్లకి చెప్పు. నాకదే చాలు."

మర్నాడు నూకాలు దారిన వస్తుంటే వరుస ఎదురైంది. పాత అలవాటు, కాళ్లు పక్కకి లాగాయి. దారి దిగకముందే అప్పలకొండ వచ్చి ఎదురుగా ఆగింది. మీసానికి మీసం ఆనించింది.

"నూకాలూ, బాగున్నావా?"

నూకాలు తల ఎత్తింది. "బాగున్నానక్కా. నువ్వు?"

వెనక చీమ కూడా ఆగింది. దాని వెనకదీ ఆగింది. ప్రతి ఒక్కటీ ఆగి, పలకరించి, పేరు చెప్పి పోయింది. ఆ రోజు వరుస గింజల దగ్గరికి చేరేసరికి పొద్దుగూకింది.

అప్పటినుంచే చీమలు ఎదురుపడితే ఆగుతాయి. ఎంత తొందరున్నా, నోట్లో ఎంత బరువున్నా, మీసానికి మీసం ఆనించి పలకరించుకునే పోతాయి. ఈసారి గోడ వారగా వరుస పోతుంటే కాసేపు కూర్చుని చూడండి. అందులో కాపలా కాసేదేదో, పీనుగులు మోసేదేదో ఆ పలకరింపును బట్టి కనిపెట్టండి చూద్దాం. మీ వల్ల కాదు.