ఎడమచేతి కర్ర

గౌరినాయుడికి తన చేతిమీద తనకి మహా నమ్మకం. ఉండదా మరి? విశాఖపట్నం శివార్లలో కొండవాలున ఉన్న ఆ గోల్ఫ్ మైదానంలో, రెండో నంబరు ఐరన్‌తో గాలికి ఎదురుగా రెండొందల గజాలు కొట్టగలిగినవాడు అతనొక్కడే. ఐరన్ అంటే ఇనప తలకాయున్న కర్ర, దీని మొహం కత్తిలా సన్నం. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, బంతి నేలమీద పాక్కుంటూ పోతుంది. పెద్దపెద్ద ఆఫీసర్లే దాన్ని సంచీలో అలంకారానికి పెట్టుకుంటారు. నాయుడు పదేళ్లు ఆ ఆఫీసర్ల సంచులు మోసి, చూసిచూసి నేర్చుకున్నాడు. కాబట్టి అతని గర్వాన్ని మనం మరీ తప్పుపట్టడానికి లేదు.

చిక్కల్లా ఇందుమతిగారితో వచ్చింది.

ఆవిడ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. డాక్టరు నడవమంటే మైదానానికొచ్చి, ఆటమీద మనసు పడ్డారు. అక్కడ నలభై ఏళ్లుగా ఆట నేర్పుతున్న సత్తార్ సాహెబ్ ఆవిణ్ణి తన చేతికింద ఉన్న శిష్యుడు నాయుడికి అప్పగించారు. మోకాళ్లు అరిగిపోయి సాహెబ్ ఆ నెలాఖరుకి మానుకుంటున్నారు. ఆయన తరవాత ఎవరు నేర్పాలన్నది కమిటీవాళ్లు ఆయనకే వదిలేశారు. ఆ సంగతి ఆయన శిష్యుడితో దాపరికం లేకుండా చెప్పారు. ఆఖరి ఆదివారం ఆడవాళ్ల పోటీ ఉంది, తొమ్మిదో గుంటకి ముందు పారే గెడ్డని ఆవిడ బంతి దాటితే ఈ పని నీది, లేకపోతే కాదు అన్నారు.

నాయుడు లోలోపల నవ్వుకున్నాడు. ఆ గెడ్డ ఎంత, అతను నిద్రలో కొట్టినా దాటుతుంది.

ఆవిడ చేతికీ అలాంటి కష్టమైనదే, మూడో నంబరు ఐరన్ ఇచ్చాడు. లావుపాటి తలకాయలుండే వుడ్లు ఉన్నాయి, వుడ్డుకీ ఐరన్‌కీ మధ్యరకంగా హైబ్రిడ్లు ఉన్నాయి. వాటి అడుగు వెడల్పు, తగలడం తేలిక, బంతిని పైకి లేపుతాయి. నాయుడు వాటిని ముసలోళ్ల కర్రలంటాడు. తన దగ్గర నేర్చుకున్న మనిషి అవి పట్టుకు తిరిగితే తన పరువేం కావాలి!

పదిహేను రోజులైంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేశారు. జీవితమంతా పిల్లల చేత హోంవర్కు చేయించిన మనిషి, తను ఎగ్గొడతారా? బంతి మాత్రం గడ్డి వదిలి లేవలేదు. లేవనప్పుడల్లా నాయుడు కర్ర అందుకుని, "చూడండి మేడమ్, ఇలా" అని ఒక్క దెబ్బ వేసేవాడు. బంతి కొండకేసి ఎగిరిపోయేది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేవారు. పాపం, ఆవిడా కొట్టేవారు.

పదహారో రోజు ఆవిడ అరచేతులకి గుడ్డ చుట్టుకుని వచ్చారు.

"మీరు బాగానే చెబుతున్నారు బాబూ. నాకే చేతకావడం లేదు. ఇవాళ్టితో మానేస్తాను."

ఆవిడ కర్ర తిరిగి ఇచ్చేశారు. నాయుడికి జాలి బదులు కోపం వచ్చింది. దానికి నేను అతన్ని వెనకేసుకురాను. విసవిసా సాహెబ్ ఉండే సామాన్ల షెడ్డుకెళ్లి, మొక్కై వంగనిది మానై వంగునా, ఈవిడకి ఆట రాదు, నాకు ఇంకెవర్నైనా ఇవ్వండి ఉస్తాద్ అన్నాడు.

సత్తార్ సాహెబ్ బంతులు తుడుస్తున్నారు. తుడుస్తున్న బంతి పక్కన పెట్టారు. లోపలికెళ్లి, దుమ్ము కొట్టుకుపోయిన రెండో నంబరు ఐరన్ ఒకటి తెచ్చి అతని చేతికిచ్చారు. నాయుడు మొహం వెలిగింది. అంతలోనే కర్ర తిప్పి చూసుకున్నాడు. అది ఎడమచేతివాటం వాళ్లది. బదిలీ మీద వెళ్తూ ఎవరో వదిలేసిపోయిన సామాను.

"కొట్టు," అన్నారు సాహెబ్.

మొదటి దెబ్బ గాలికి తగిలింది. రెండోది మట్టిపెళ్లని లేపింది. మూడో దెబ్బకి బంతి అతని కాలిజోడు పక్కనించే దొర్లిపోయింది. పది కొట్టాడు. ఇరవై కొట్టాడు. ఖాళీగా కూచున్న, సంచులు మోసే క్యాడీలు ఒక్కొక్కరే చేరారు. ఈ కర్ర బాగోలేదని నాయుడు గొణిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని వెనకనించి ఎవరో అంటే అందరూ ఘొల్లుమన్నారు. నాయుడికి చెవులు వేడెక్కాయి. అరచెయ్యి మండుతోంది.

అప్పుడు సాహెబ్ కర్ర తీసుకున్నారు. నలభై ఏళ్లలో ఎడమచేతివాళ్లకీ నేర్పిన మనిషి. ఒక్క దెబ్బ వేశారు. బంతి కొండకేసి పోయింది.

"చూడు, ఇలా," అని కర్ర తిరిగి చేతిలో పెట్టారు.

క్యాడీలు చప్పట్లు కొట్టారు. నాయుడు కొట్టలేదు. ఆ క్షణాన గురువంటే అతనికి ఒళ్లుమండిపోయింది.

సాహెబ్ మళ్లీ లోపలికెళ్లి ఏడో నంబరు వుడ్ తెచ్చారు. అదీ ఎడమచేతిదే. నాయుడు ఆశ వదిలేసుకుని, చేతికి వచ్చినట్టు ఊపాడు. టప్పుమంది. బంతి లేచింది. ఎక్కువ దూరం పోలేదు, వంకరగా పోయింది, అయినా గాల్లోకి లేచింది! నాయుడు తనకి తెలీకుండానే ఒక్క గంతేశాడు.

"ఇంకోటి పెట్టండి ఉస్తాద్!"

సాహెబ్ బంతి పెట్టలేదు.

"మేడమ్ సంచీ సర్దుకుంటున్నారు. గేటు దాటకముందే వెళ్లు."

నాయుడు పరిగెత్తాడు.

ఆవిడతో ఏం చెప్పాడో, ఎలా ఒప్పించాడో నాకు తెలీదు. మర్నాడు పొద్దున్న మాత్రం ఆవిడ ముందు మూడు కర్రలు పరిచాడు, ఒక హైబ్రిడ్డూ రెండు వుడ్లూ. చేతుల గుడ్డలు విప్పనివ్వకుండా, ఒక్కోదానితో నిదానంగా పదేసి బంతులు కొట్టించాడు. బాగా తగిలినప్పుడు ఎంత దూరం పోతోందని అతను చూడలేదు. సరిగ్గా తగలనప్పుడు కూడా ఏ కర్రతో బంతి లేస్తోందో అది చూశాడు. ఏడో నంబరు వుడ్ ఉంచి మిగతావి తీసేశాడు. ఆ పూటే కాదు, ఆ తరవాత కూడా ఆవిడ చేతిలోని కర్ర అందుకుని తను కొట్టి చూపించలేదు.

ఆదివారం నాడు ఆవిడ సంచీ తనే మోశాడు. ఎదురుగాలి. గెడ్డ దగ్గర ఆవిడ కర్ర పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తోటి ఆడవాళ్లు ఆట ఆపి చూస్తున్నారు. నాయుడు సంచీ కింద పెట్టాడు. తన బతుకంతా ఆ ఒక్క దెబ్బమీద ఉంది, అయినా రెండడుగులు వెనక్కి తప్పుకున్నాడు.

ఆవిడ ఊపారు. బంతి లేచింది. అవతలి గట్టున ఉన్నవాళ్లు దాటింది దాటింది అని అరిచారు. ఇందుమతిగారు కర్ర కింద పడేసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడుస్తూ నవ్వారు.

దూరపు చూపు సరిగా ఆనని సత్తార్ సాహెబ్ వెనకనించి వచ్చి శిష్యుడి భుజమ్మీద చెయ్యేశారు.

"ఎక్కడ పడిందిరా?"

ఏ బంతి ఎక్కడ పడిందో గజంతో సహా చెప్పగలిగినవాడు నాయుడు. ఆవిడ మొహంమీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"చూడలేదు ఉస్తాద్."

సాహెబ్ ఆ చెయ్యి కాసేపు అతని భుజమ్మీదే ఉంచారు.

"సరే. రేపట్నుంచి షెడ్డు తాళం నువ్వే తియ్యి," అన్నారు.