పూచీగా వెళ్ళిన పండితుడు

చలిసముద్రం ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. ఏటా వేసవిలో ఉత్తరాన్నుంచి ఓడల మీద దోపిడీగాళ్ళు వచ్చి ఊళ్ళు తగలబెట్టి పోయేవారు. పోరాడి పోరాడి అలసిపోయిన రాజు చివరికి ఓడల నాయకుడితో సంధికి కూర్చున్నాడు.

"నదికి అవతలి నేల మీకిస్తాను. దున్నుకు బతకండి. మళ్ళీ నది దాటి రావద్దు."

"మీరూ దాటకూడదు," అన్నాడు నాయకుడు. "అందుకు నాకు పూచీ కావాలి. ఎవరు లేకపోతే నువ్వు బతకలేవో, ఆ మనిషిని నా దగ్గరుంచు. మాట తప్పితే ఆ ప్రాణం పోతుంది."

రాజుకు కొడుకును పంపడానికి మనసొప్పలేదు. సేనాపతిని వదులుకోలేడు. చదువు చెప్పే మనిషి పోతే రాజ్యానికొచ్చే నష్టమేముందిలే అనుకుని, చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన ఎడ్‌హెల్మ్‌ను పిలిపించాడు.

"గురువుగారూ, మీరు లేకపోతే నేను లేను. మీరే వెళ్ళాలి."

ముసలాయన కళ్ళు చెమర్చాయి. దోపిడీలో తన మఠం తగలబడిపోయాక ఆయన్ని పలకరించినవాళ్ళు లేరు. రాజు మనసులో తనకింత చోటుందని ఆయన అనుకోలేదు. సంతోషంగా నది దాటాడు.

అవతలి ఒడ్డున ఆయన్ని నాయకుడి సరసన కూర్చోబెట్టారు. ఒక రాజు ప్రాణం కదా మరి! నాయకుడి కూతురు ఆస్తా ఆయన దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ఆమెను చూసి మిగతా పిల్లలూ వచ్చి చేరారు. వీళ్ళ తండ్రులే తన మఠానికి నిప్పు పెట్టారని ఆయనకు తెలుసు. అయినా ఒక్కొక్కరి వేలూ పట్టుకుని ఇసుకలో దిద్దించాడు.

కొన్నేళ్ళకు అవతలి పొలాలు విరగపండాయని విని, రాజు సైన్యంతో నది దాటాడు.

నాయకుడు ముసలాయన ముందు కూలబడ్డాడు. "మీరు లేకపోతే బతకలేనన్నాడే! ఎందుకిలా చేశాడు?"

తనని ఎందుకు పంపారో ఎడ్‌హెల్మ్‌కు అప్పటికి అర్థమైంది. "నేను చెప్పిన చదువు అతనికి వంటబట్టలేదు నాయనా," అన్నాడు.

"అడవి దారిన వెళ్ళిపొండి పెద్దాయనా. చంపేశానని చెప్పుకుంటాను."

"నేను బతికిపోతే ఇక ఏ పూచీకీ విలువుండదు. రేపు మళ్ళీ ఎవరో ఇద్దరు సంధికి కూర్చోవాలి. వాళ్ళు దేన్ని నమ్ముకుంటారు?"

నాయకుడు ఏడుస్తూనే కత్తి దూశాడు. తర్వాత రాజు సైన్యంతో జరిగిన పోరులో తనూ పోయాడు.

గెలిచిన రాజు ఊళ్ళోకి వచ్చేసరికి, ఎడ్‌హెల్మ్ మీద కొత్తగా కప్పిన మట్టి చుట్టూ పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆస్తా ఒక్కో మాటా చెబుతుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. అది రాజు దేశపు ప్రార్థనే, చిన్నప్పుడు గురువు తనకు నేర్పిందే. రాజుకి మొదటి రెండు మాటలే గుర్తొచ్చాయి.

ఆస్తా తలెత్తి చూసింది. ఎవరు నువ్వని అడగలేదు. చెప్పడం ఆపకుండానే కొంచెం పక్కకు జరిగి, అతను కూర్చోడానికి చోటిచ్చింది.

రాజు నిలబడే ఉన్నాడు.