ఉసేనయ్య పొడపత్రి

నల్లమల దాపున ఒక ఊళ్లో దస్తగిరి సాయిబు నాటువైద్యం చేసేవాడు. ఆయన దగ్గర మందులు నూరడం నేర్చుకుంటున్న ఉసేనయ్యకు ఆ రోజు కాళ్లు నేల మీద నిలవడం లేదు. చక్కెర జబ్బుకు మందు దొరికిందని అతని సంబరం.

ఆ మందు పొడపత్రి ఆకు. పొద్దున ఆ జబ్బున్న ఓబుళమ్మ చేత నమిలించాడు. తరవాత చక్కెర నోట్లో వేస్తే ఆమెకు పిసరంత తీపి కూడా తెలియలేదు.

"చూశారా ఉస్తాద్! నోట్లో చక్కెరనే చంపేసింది. ఇక ఒంట్లో చక్కెర ఒక లెక్కా!" అన్నాడు.

ఓబుళమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. ఆమెకు ఈ జబ్బు ఉందని మొదట కనిపెట్టింది చీమలే. పెరట్లో ఆమె ఒంటికి పోయిన చోట బారులు కట్టేవి. ఆస్పత్రి మాత్రలతో జబ్బు సర్దుకుంది. కుడికాలి బొటనవేలి మీద పుండు ఇప్పుడిప్పుడే మానుతోంది. మాత్రలు ఆపితే ఆ వేలు ఏమవుతుందో సాయిబుకు తెలుసు. అలా కాళ్లే పోగొట్టుకున్నవాళ్లను చూశాడాయన.

ఆ మాత్రల అట్ట ఉసేనయ్య గుప్పిట్లో ఉంది.

"ఇవి పారేయనా ఉస్తాద్?"

సాయిబు కోప్పడలేదు. "నాకూ చూపించు. నువ్వు నములు" అన్నాడు.

ఉసేనయ్య రెండాకులు మెత్తగా నమిలి మింగాడు. సాయిబు చిన్న బెల్లం ముక్క అందించాడు.

"ఎట్లుంది?"

"ఇసుక నోట్లో పోసుకున్నట్టుంది. తీపి చచ్చింది ఉస్తాద్!"

"అయితే ఆ చచ్చిన బెల్లం తీసి మెట్టు మీద పెట్టు."

ఉసేనయ్య పెట్టాడు. సాయిబు కల్వం ముందుకు లాక్కుని కరక్కాయ నూరుకుంటూ కూర్చున్నాడు.

కాసేపటికి గోడ సందులోంచి ఒక చీమ వచ్చింది. బెల్లం చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేటప్పుడు వెంట బారును తెచ్చింది.

ఉసేనయ్య వంగి చూస్తూ ఉండిపోయాడు. అతని నోట్లో మాత్రం ఇంకా ఇసుకే. మొదట సిగ్గేసింది. ఓబుళమ్మ కాలివంక చూసేసరికి భయం కూడా వేసింది. లేచి వెళ్లి మాత్రల అట్ట ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి మానొద్దు పెద్దమ్మా. రేపు ఆస్పత్రికి పోదాం, నేనూ వస్తా. ఆకు సంగతి డాక్టరుతో చెప్పి, రక్తం చూపించుకుందాం. అంతదాకా ఈ ఆకు కూడా ముట్టొద్దు."

ఓబుళమ్మకు ఒళ్లు మండింది. "ఇప్పుడే గదరా పారేస్తానంటివి! అంతలో ఏమొచ్చె నీకు?"

సాయిబు కల్వం మీద నుంచి తలెత్తకుండా జవాబు చెప్పాడు.

"చీమలు ఆకు నమల్లేదు ఓబుళమ్మా."